అద్దం వదలని చేతులు

"ఆ మనిషిని లేచి వెళ్ళమను. వాడు వెళ్ళాకే నేను ముందుగదిలోకి వస్తాను."

అద్దాలాయన వంటింట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఈ మాట అన్నాడు. వంటింటికీ ముందుగదికీ మధ్య ఉన్నది ఒక పాత కర్టెను. ఆ మాట ఆ మనిషికి వేరే ఎవరూ మోసుకెళ్ళి చెప్పనక్కర్లేదు.

కోడలు స్టవ్ దగ్గర నిలబడి పొంగబోతున్న టీని చూస్తోంది. ఆసుపత్రి నుంచి వస్తూ, ఇంట్లో ఎవరినీ అడక్కుండా, దారిలో దిగి నిచ్చెన మావయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. అప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది. కానీ మొగుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు, రేపు పొద్దున్నకల్లా ఏదో ఒకటి తేలాలి. మామగారి కోపానికి భయపడే తీరిక ఆమెకు లేదు.

"టీ తాగి వెళ్తారు లెండి," అంది.

"మన ఇంట్లో టీయా? వాడికా?"

"అత్తయ్యగారికి తమ్ముడే కదా, మామయ్యగారూ."

అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని ఉంది. తన పేరు ఎత్తినా తల ఎత్తలేదు. ఆవిడ ఈ విషయంలో నోరు తెరవడం ఇంట్లో ఎవరూ చూడలేదు. ఒకవైపు మొగుడు, ఒకవైపు తోడబుట్టినవాడు. అంతకంటే కూరగాయలు నయం అనుకుందేమో, ఏళ్ళ తరబడి వాటినే తరుగుతోంది.

నిచ్చెన మావయ్య అన్న పేరు ఎవరు పెట్టారో అడిగితే ఎవరూ ఒప్పుకోరు. కానీ ఆయన లేనిచోట అందరూ అలాగే అంటారు. ఒకప్పుడు ఆయన కూడా ఈ ఇంటి అద్దాల కొట్లోనే పనిచేసేవాడు. అద్దాలాయన తమ్ముడు ఒక మేడ మీది కిటికీకి అద్దం బిగిస్తూ నిచ్చెన మీద నుంచి పడి చనిపోయిన రోజున, కింద ఆ నిచ్చెన పట్టుకున్నది ఈయన. ఈయనే నిచ్చెన వదిలేశాడన్నారు, ఆ తర్వాత ఈయనకు కొట్టూ లేదు, ఈ ఇల్లూ లేదు. ఇప్పుడు బస్టాండు పక్కన ఒక డబ్బా కొట్లో మారుతాళాలు చేసుకుంటూ బతుకుతున్నాడు.

ఇన్నేళ్ళకు ఆయనను కోడలు ఈ ఇంటికి తీసుకురావడానికి కారణం డాక్టరమ్మ అడిగిన ఒక ప్రశ్న.

పెద్దాడు, అంటే కోడలి మొగుడు, కొట్లో అద్దం మోస్తూ మోస్తూ ఉన్నపళంగా కూలిపోయాడు. గుండె కొట్టుకునే వరస తప్పుతోందనీ, ఒక్కోసారి ఆగుతోందనీ ఆసుపత్రిలో తేల్చారు. డాక్టరమ్మ గుండె చూసింది, తర్వాత విచిత్రంగా మోచేతులు చూసింది, మెడ వంచమంది, మడమలు చూసింది. రక్తం ఎక్కడికో పంపించి పరీక్ష చేయించింది. ఆఖరికి, "మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

కోడలు నిచ్చెన మీద నుంచి పడిన చిన్నమామగారి సంగతి చెప్పింది.

"పడి చనిపోయారా, చనిపోయి పడ్డారా?" అంది డాక్టరమ్మ.

కోడలికి అప్పటి నుంచీ బుర్ర పనిచేయడం లేదు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు అద్దాలాయన, గోడవైపు నుంచి తిరగకుండానే. "ఆ డాక్టరమ్మ ఏం చెప్పిందో ముక్కముక్కా చెప్పు. నిన్న చెప్పింది నాకు ఒక్కటీ అర్థం కాలేదు."

"నాకు మాత్రం అంతా అర్థమైందా ఏంటి. ఒంట్లో ప్రతి కణానికీ మధ్యలో ఒక కేంద్రకం ఉంటుందట. కణం నిలబడడానికి చుట్టూ సన్నసన్నటి పోగులతో ఒక ఫ్రేము ఉంటుందట. కేంద్రకాన్ని ఆ ఫ్రేముకి పట్టి ఉంచడానికి కొన్ని ప్రోటీన్లు ఉంటాయట. ఈయనకి వాటిలో ఒకటి సరిగ్గా తయారవడం లేదట."

"ప్రోటీనే కదా. రోజూ రెండు గుడ్లు తినమను."

"అది తింటే వచ్చేది కాదట. మన ఒళ్ళు తనంతట తను తయారు చేసుకోవాలట. పుట్టుకతోనే ఆ లెక్క తప్పిందట."

"లెక్క తప్పితే ఇన్నాళ్ళు ఎలా బతికాడు?"

"అదే చెప్తున్నా. మీ కొట్టు సంగతి నేను చెప్తే ఆవిడే అంది. కిటికీ ఫ్రేముకీ అద్దానికీ మధ్య లప్పం పెడతారు కదా, అలాంటిదనుకోండి అంది. లప్పం వదులైనంత మాత్రాన అద్దం వెంటనే పడిపోదు కదా. కిటికీని రోజంతా వేస్తూ తీస్తూ ఉంటే కదులుతుంది. కండలూ అంతేనట, లాగుతూనే ఉంటాయి. గుండె అయితే ఒక్క క్షణం ఊరుకోదు. అందుకని ముందు అక్కడ తేడా వస్తుందట."

అద్దాలాయన ఇప్పుడు తిరిగాడు. లప్పం మాట వచ్చేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. తన పనికి సంబంధించిన మాటైతే ఎవరితోనైనా వాదించగలడు.

"సరే. కండలు లాగుతాయి. దవడ లాగదా? రోజంతా మాట్లాడుతూనే ఉంటాడు కదా మీ ఆయన. నడుం లాగదా? మరి మోచెయ్యే ఎందుకు బిగుసుకుపోవాలి?"

"అది ఆవిడకీ పూర్తిగా తెలీదట. ఎవరికీ తెలీదంది."

"చూశావా. వాళ్ళకే తెలీదు."

"తెలీనిది మోచేతి సంగతి, మామయ్యగారూ. గుండె ఆగుతోందన్నది తెలుసు. తెర మీద గీత ఆగిపోవడం నా కళ్ళతో నేను చూశాను."

అద్దాలాయన తన రెండు చేతులూ ముందుకు చాచాడు. చాచాడు అని అనడమే గానీ ఆ చేతులు సగంలోనే ఆగిపోతాయి. మోచేతుల దగ్గర వంగి, ఎప్పుడూ కనపడని అద్దాన్ని మోస్తున్నట్టే ఉంటాయి.

ఈ ఇంట్లో ఆ వంపు ఒక గొప్ప. తాతకు ఉంది, అద్దాలాయనకు ఉంది, పోయిన తమ్ముడికి ఉండేది. పెద్దాడికి మీసాలు వచ్చే వయసులో చేతులు తిన్నగా సాగడం మానేశాయి. ఇంకెవరైనా అయితే ఆసుపత్రికి తీసుకెళ్తారు. అద్దాలాయన మాత్రం కొట్టుకొచ్చిన వాళ్ళందరినీ పిలిచి కొడుకు మోచేయి చూపించాడు. "చేతికి పని పట్టింది. ఇక వీడు పెద్ద అద్దాలు మోస్తాడు," అన్నాడు. పెద్దాడు కూడా సిగ్గుపడుతూ సంతోషించాడు. పక్క వీధి వాళ్ళు సైతం, ఆ ఇంట్లో మగపిల్లలు అద్దం మోయడానికే పుడతారని చెప్పుకునేవాళ్ళు. అది రోగం అయ్యుండొచ్చని ఇన్ని తరాల్లో ఒక్కరికీ తోచలేదు. చెప్పినా నవ్వేవాళ్ళు.

"ఇదిగో," అన్నాడు. "నాకూ ఇదే చెయ్యి. నాకేమైంది? మా నాన్నకేమైంది, ముసలై పోయాడు. ఈ ఎండాకాలంలో తిండి లేకుండా అద్దం మోశాడు మీ ఆయన, కళ్ళు తిరిగి పడ్డాడు. దానికి గుండె కోసి లోపల యంత్రం పెడతారా?"

"గుండె కొయ్యరు. చర్మం కింద పెడతారు. గుండె ఆగితే అదే తట్టి లేపుతుంది. అది లేకుండా ఇంటికి పంపితే మళ్ళీ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేమంటున్నారు. ఆయనేమో మా నాన్న ఊ అంటే ఊ, ఉహూ అంటే ఉహూ అని కూర్చున్నాడు. నేను ఏడ్చినా వినలేదు." కోడలు స్టవ్ ఆపి ఆయన ముందుకొచ్చింది. "మీరు ఊ అనండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఊ అనడం అద్దాలాయనకు కష్టం కాదు. కొడుకంటే ప్రాణం పెడతాడు. కానీ ఊ అంటే పెద్దాడిది రోగమని ఒప్పుకున్నట్టు. పెద్దాడిది రోగమైతే తమ్ముడిది కూడా అదే అయ్యుండాలి. అప్పుడు నిచ్చెన సంగతేమిటి? ఆ ఒక్కచోట ఆయన ఆలోచన ఆగిపోతోంది, అక్కడి నుంచి కోపంగా వెనక్కి వస్తోంది.

కర్టెను అవతల కుర్చీ చప్పుడైంది.

"అమ్మాయ్, నేను వెళ్తానమ్మా," అన్నాడు నిచ్చెన మావయ్య. "బావకి ఇబ్బందిగా ఉంది. కొట్టు కూడా మూసి రాలేదు."

ఇప్పటిదాకా వెళ్ళమన్న మనిషి ఒక్క ఊపున లేచి కర్టెను తోసుకుని ముందుగదిలోకి వెళ్ళాడు.

"వెళ్తావా? ఇన్నేళ్ళకి వచ్చి, ఏమీ చెప్పకుండానే వెళ్తావా?"

నిచ్చెన మావయ్య గుమ్మం దగ్గర ఒక కాలికి చెప్పు వేసుకుని ఆగిపోయాడు. వేళ్ళ చివర్లు తాళాల రజనుతో నల్లగా ఉన్నాయి. బావ ముఖం సూటిగా చూసి ఎంతకాలమైందో, చూపు ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ వైపు చూశాడు.

"నువ్వు వెళ్ళమన్నావు కదా బావా."

"వెళ్ళమంటే వెళ్ళిపోవడమేనా? చెప్పి వెళ్ళు. నా తమ్ముడు ఎలా పడ్డాడో చెప్పు. ఈ అమ్మాయి దానికే కదా నిన్ను పట్టుకొచ్చింది. నిచ్చెన కదిలిందా లేదా?"

కోడలు టీ గ్లాసుతో కర్టెను దగ్గరే నిలబడిపోయింది. ఆమె ఆశంతా ఈ జవాబు మీదే ఉంది. నిచ్చెన కదల్లేదని ఆ నోటితో వస్తే చాలు. దారి పొడుగునా ఆయనను ఇదే అడగాలనుకుంది. ఏం చెబుతాడోనన్న భయంతో అడగలేదు.

"తెలీదు బావా," అన్నాడాయన.

"తెలీదా?"

"అప్పుడు తెలుసు. గట్టిగా పట్టుకునే ఉన్నాను, అది కదల్లేదు అని అప్పుడు నీకు చెప్పాను, పోలీసులకు చెప్పాను, అక్కకు చెప్పాను. ఎవరూ నమ్మలేదు. ఏడాది గడిచింది, రెండేళ్ళు గడిచాయి. అందరూ అదే అంటుంటే, ఏమో, నేనే ఎటో చూశానేమో అనిపించడం మొదలైంది. తర్వాత కలలో కూడా నా చేతులు వదిలేస్తున్నట్టే వచ్చేది. ఇప్పుడు ఏది చూసిందో, ఏది కలలో వచ్చిందో నాకే తెలీదు. ఈ అమ్మాయికి కావలసిన మాట చెప్పాలనే వచ్చాను. నిన్ను చూశాక అబద్ధమైపోతుందేమోనని భయమేస్తోంది."

కోడలికి ఉన్న ఒక్క సాక్షీ చేజారిపోయాడు. టీ గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసింది.

అద్దాలాయనకు గెలిచినట్టు ఉండాలి. ఎందుకో అలా లేదు. అయినా గొంతు పెంచాడు.

"నీకు తెలీదు. నాకు తెలుసు. వీధి చివర నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి చూసింది నేను. నీ చేతిలో నిచ్చెన పక్కకి వాలి ఉంది. వాడు వెల్లకిలా ఉన్నాడు. అద్దం వాడి గుండెల మీదే ఉంది, రెండు చేతులూ దాని చుట్టూ అలాగే ఉన్నాయి. ప్రాణం పోతున్నా చేతిలో అద్దం వదల్లేదు నా తమ్ముడు. పనంటే అంత ప్రేమ వాడికి. అలాంటివాణ్ణి నువ్వు..."

ఈ మాట ఈ ఇంట్లో కొత్తది కాదు. తమ్ముడి ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆయన ఇదే చెబుతాడు, చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంటాడు. పిల్లలంతా ఈ కథ వింటూనే పెరిగారు.

"వదలొద్దని మీరెప్పుడు నేర్పారు?"

అన్నది అత్తగారు. కత్తిపీట వదిలి ఎప్పుడు లేచొచ్చిందో, కర్టెను పక్కన నిలబడి ఉంది.

"ఏంటి?"

"అద్దం వదలొద్దని మీరెప్పుడు నేర్పారండీ? పెరట్లో చెక్క పలక చేతికిచ్చి, వెనక నుంచి చెప్పకుండా తోసేవాళ్ళు కదా. కాలు తడబడిందా, పలకను అవతలికి విసిరెయ్యాలి, దానితో పాటు పడకూడదు అని. మీ తమ్ముడికీ అలాగే నేర్పారు, పెద్దాడికీ అలాగే నేర్పారు. నిద్దట్లో తోసినా విసిరేసేలా తయారు చేశారు. విసరలేదని పిల్లవాడి వీపు కూడా పగలగొట్టారు."

అద్దాలాయన చూపు పెరటి వైపు వెళ్ళింది.

"నిచ్చెన కదిలి ఉంటే అతను అద్దం విసిరేసి ఉండేవాడు," అందావిడ. అంటూ అంటూ తనకే అప్పుడే తెలుస్తున్నట్టు నెమ్మదిగా అంది. "విసరలేదంటే పడకముందే ప్రాణం పోయిందన్నమాట. పెద్దాడు కూడా కొట్లో అద్దంతో పాటే పడ్డాడు. అక్కడ నిచ్చెనే లేదు. చదునైన నేల. గడ్డం దగ్గర ఆ కుట్లు అద్దం మీద పడినందుకే కదా."

"ఈ సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలిస్తే ఇన్నాళ్ళు ఊరుకుంటానా? వీడు నా తమ్ముడు. నేను కూడా వీడిదే తప్పనుకున్నాను. ఇప్పుడు మీరు చెబుతుంటే తట్టింది."

ముందుగదిలో నలుగురూ నాలుగు చోట్ల నిలబడిపోయారు.

మొదట కూర్చున్నది నిచ్చెన మావయ్య. ఒక కాలికి చెప్పుతోనే కుర్చీలో కూలబడ్డాడు. అక్క దగ్గరకెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే తప్పించుకున్నాడు. సంతోషించాల్సిన మనిషి ముఖంలో సంతోషం లేదు.

"అయితే నేను వదల్లేదా?" అన్నాడు.

కాలికున్న ఆ ఒక్క చెప్పునూ విప్పి పక్కన పెట్టాడు.

"వదల్లేదంటే మరి ఇన్నాళ్ళూ నేను చేసిందేమిటి? తప్పు చేశానని పెళ్ళి మానుకున్నాను. మరొకరి చెయ్యి పట్టుకునే యోగ్యత లేదనుకున్నాను. అదంతా ఎవరికి చెప్పుకోవాలి? మీ డాక్టరమ్మకా?"

ఆ ప్రశ్న అద్దాలాయన వైపు చూసి అడిగాడు. ఆయన గోడవారన కూర్చుని, వంగిన చేతులను ఒళ్ళో పెట్టుకుని, వాటిని ఎవరివో చేతుల్లాగా చూసుకుంటున్నాడు. క్షమించమని అనడం ఆయనకు రాదు. అద్దం కొయ్యడం వచ్చు, అరవడం వచ్చు.

కోడలి ఫోను మోగింది. పెద్దాడు. స్పీకరు పెట్టింది.

"నాన్న ఉన్నాడా? డాక్టరమ్మ మళ్ళీ వచ్చి వెళ్ళింది. సాయంత్రంలోగా చెప్పమంటోంది. రేపు పొద్దున్న కాకపోతే తర్వాత చాలా రోజులు ఆగాలట. ఏం చెప్పను?" గొంతు నీరసంగా ఉంది. "నాకు భయంగా ఉంది. పెట్టించుకుంటే అద్దాలు మోయకూడదంటున్నారు. ఇక నేనెందుకు పనికొస్తాను? నాన్ననే చెప్పమను."

అద్దాలాయన ఫోను తీసుకున్నాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన మాత్రం బావమరిది వైపు చూసి, ఆ ఫోను ఆయన ముందుకు చాచాడు.

"నువ్వు చెప్పు వాడికి. నువ్వు చెబితే నాకూ సమ్మతమే."

ఆయన లెక్కలో అది పెద్ద మర్యాద. ఇన్నేళ్ళ తప్పుకి అదే ఆయన చెల్లించగలిగింది.

నిచ్చెన మావయ్య ఫోను అందుకోలేదు.

"వద్దు బావా. నేను పెట్టించుకోమని చెప్పి, వాడికేమైనా అయితే అప్పుడూ తప్పు నాదే అవుతుంది. కింద నిలబడి పట్టుకునే పని నాకిక వద్దు. నీ కొడుకు, నువ్వే చెప్పు."

"ఎవరక్కడ?" అంది ఫోను. "నాన్నా, ఎవరున్నారు మీ దగ్గర?"

అద్దాలాయన ఫోనును చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఒరే, నేను వస్తున్నా. ఇప్పుడే బయల్దేరుతున్నా. ముందు నా గుండె చూడమని చెప్పు ఆ డాక్టరమ్మతో."

కోడలికి ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది.

"నీ చెయ్యీ నా చెయ్యీ ఒకటే. నీలో ఉంటే నాలోనూ ఉండాలి. నాలో ఉందని తేలితే ఇద్దరం ఆ యంత్రం పెట్టించుకుందాం. నా గుండె బాగుందంటే మాత్రం నీదీ బాగున్నట్టే. ఇంటికి తీసుకొచ్చేస్తాను. సరేనా?"

"సరే నాన్నా," అన్నాడు పెద్దాడు. అన్నివిధాలా నిశ్చింతగా ఉన్న గొంతుతో అన్నాడు.

"అలా కాదు మామయ్యగారూ," అంది కోడలు. "డాక్టరమ్మ చెప్పింది, ఒకే ఇంట్లో ఒకే లోపం ఉన్నా ఒకరికి గుండె దాకా వస్తుందట, ఇంకొకరికి ముసలితనం దాకా మోచేతి దగ్గరే ఆగిపోతుందట. మీది బాగుంటే ఆయనది బాగున్నట్టు కాదు. ఏవండీ, వింటున్నారా? మీ నాన్నగారికి చెప్పండి..."

ఫోను అప్పటికే పెట్టేశాడు పెద్దాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

అద్దాలాయన చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్తున్నాడు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే. ఇంత మెత్తబడ్డ మామగారిని ఆమె ఎప్పుడూ చూడలేదు, ఇంత మొండిగా ఉన్న మామగారినీ చూడలేదు. రెండూ ఒకేసారి ఎలా కుదిరాయో ఆమెకు అర్థం కాలేదు.

ఆసుపత్రికి వెళ్ళాలి. ఆయనను చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాలి, జాగ్రత్తగా దించాలి, మంచినీళ్ళు తాగించాలి. అత్తవారింట అడుగుపెట్టిన రోజు నుంచీ ఆమెకు ఆ పెద్దాయన మీద గౌరవమే. ఆయనకు జలుబు చేస్తే కంగారుపడి కషాయం కాచి ఇచ్చిన మనిషి.

చెప్పులు వేసుకుంటూ ఆమె మనసులో ఒక కోరిక కోరుకుంది, కోరుకున్నాక ఏం కోరుకుందో తెలిసి అక్కడే నిలబడిపోయింది. మామగారి గుండెలో రోగం ఉండాలని కోరుకుంది.